ఆయనకు వేయవలసిన సూదిమందు నాకు వేసిన సంగతి

ఆసుపత్రుల తనిఖీ అధికారి గారి సముఖమునకు, ఆపరేషన్ థియేటర్ ముందు వసారాలో తమరు స్వయంగా ధైర్యం చెప్పి వెళ్లిన ముసలిమనిషి రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆపరేషన్‌కు ముందు, చీము పట్టకుండా వేయవలసిన యాంటీబయాటిక్ సూదిమందును కోత పడే నా భర్తకు వేయక, ఆయన ట్రాలీకి కాపలాగా పడుకున్న నాకు సరిగ్గా వేళకు వేసినందున, వచ్చే సోమవారం జరగబోయే రెండో ఆపరేషన్‌లోనైనా సదరు మందు సదరు మనిషికే పడేట్టు ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసే పెద్దమనిషి రాస్తున్నారు. ఇందులో మర్యాదలన్నీ ఆయనవి. తిట్లు నావి. వాటిలో సగం ఆయన రాయనన్నారు, కాబట్టి మిగిలిన సగానికి తమరు రెట్టింపు బరువు వేసుకుని చదువుకోవలసిందిగా ప్రార్థన.

1. నా భర్తను మా పేటలో బీరువాల తాత అంటారు. ఇళ్లు మారేవాళ్ల సామాను మోయడం ఆయన పని. లిఫ్టు లేని మేడలకు ఇనప బీరువాలు వీపున మోసుకెళ్లి, మెట్ల మలుపులో గోడ సున్నం రాలకుండా దించడంలో ఆయనకు పేరుంది. ఇతరుల బీరువాలు మోసి మోసి చివరికి ఆయనకు గజ్జలో పేగు జారింది. దాన్ని హెర్నియా అంటారట. లోపల వల లాంటిది ఒకటి పెట్టి కుట్టేస్తామన్నారు. చిన్న ఆపరేషనే అన్నారు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా ప్రతివాళ్లూ చిన్నదే అన్నారు. ఎవరికీ అది వాళ్ల పొట్ట కాదు గదా.

2. ఆపరేషన్‌కు ముందురోజు మత్తు ఇచ్చే డాక్టరు వచ్చి మా మంచం పక్కన కూర్చున్నారు. ఆ ఆసుపత్రిలో కూర్చుని మాట్లాడిన మనిషి ఆయనొక్కరే. అందరూ నడుస్తూ మాట్లాడతారు.

"పెద్దమ్మా, కత్తి పెట్టే ముందు, గంట లోపల, ఒక సూదిమందు పడాలి. కోత పడేసరికి అది ఒంట్లో తిరుగుతుండాలి. అప్పుడు లోపలికి సూక్ష్మజీవులు వెళ్లినా నిలవలేవు" అన్నారు.

"పొద్దున్నే వేసేస్తే పనైపోతుందిగా బాబూ?"

"మరీ ముందేస్తే బలం తగ్గిపోతుంది."

"పోనీ, తర్వాత నెమ్మదిగా?"

"తర్వాత వేస్తే వేసినట్టే ఉంటుంది, పనిచేసినట్టుండదు. ఈ ఆపరేషన్‌కి ఒక్కటే చాలు. రోజుల తరబడి పొడిగించకూడదు. అలా చేస్తే రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు ఆ మందు పనిచేయదు. దీనికి మార్గదర్శకాలున్నాయి."

సదరు మార్గదర్శకాలు థియేటర్ వసారాలో అద్దం బిగించిన చట్రంలో గోడకు వేలాడుతున్నాయి. నాకు చదువు రాదు కాబట్టి నేను వాటిని పాటించలేను. చదువు వచ్చినవాళ్లు రోజంతా వాటి కిందనుంచే నడుస్తుంటారు, వాళ్ల సంగతి తమరు విచారించగలరు.

3. ఆపరేషన్ రోజునే తమరి తనిఖీ. ఆ ఉదయం ఆ ఆసుపత్రి చూడవలసిందే. నేలను ఎంత తుడిచారంటే నడవడానికి భయమేసింది. నర్సులంతా నవ్వుతున్నారు, నవ్వమని చెప్పినట్టున్నారు. కోటు వేసుకున్న నాణ్యత అధికారి ఒకాయన చేతి గడియారం చూసుకుంటూ వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగులు.

ఇక్కడ ఆ ఆసుపత్రి వారి పద్ధతి ఒకటి మనవి చేయాలి. పేషెంటు చేతికి కట్టవలసిన పేరు పట్టీని అక్కడ చేతికి కట్టరు. జారిపోతోందని ట్రాలీ ఊచకు కడతారు. ఫైలు దిండు కింద పెడతారు. ఆ పైన మనిషి సంగతి ఎవరికీ పట్టదు. "ఏడో ట్రాలీకి బీపీ చూశారా?" "ఏడో ట్రాలీ పళ్లసెట్టు తీసేసిందా?" ఇవీ మాటలు. మా ఆయన నాతో, "ఏమే, ఇన్నాళ్లూ నేను సామాను మోశాను, ఇవాళ నేనే సామానయ్యాను" అన్నాడు.

అంతలో ఆయనకు ఒంటికి వెళ్లవలసి వచ్చింది. దిగి, గోడ పట్టుకుని నడిచాడు. అక్కడి ఆయా నన్ను పిలిచి, "పెద్దమ్మా, ట్రాలీ ఖాళీగా కనిపించిందంటే ఇంకొకరిని ఎక్కించేస్తారు, మీ వంతు పోతుంది. ఎక్కి పడుకోండి, అందరూ అలాగే చేస్తారు" అంది. ఎక్కాను. ఆపరేషన్ కోసం ఆయనకిచ్చిన టోపీ ట్రాలీ మీదే ఉంటే, కింద పెడితే మురికవుతుందని నెత్తిన పెట్టుకున్నాను. ఆ వసారాలో ఏసీ చలి ఎముకల్లోకి దిగుతుంది, అందుకని ఆకుపచ్చ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. ఇంతే నేను చేసింది.

నర్సమ్మ ట్రే పట్టుకుని వచ్చింది. వెనకే నాణ్యత అధికారి. "టైము, సిస్టర్, టైము! వాళ్లు మెట్లెక్కుతున్నారు!"

ఆ అమ్మాయి దిండు కింద నుంచి ఫైలు లాగి, "హెర్నియాయేగా అమ్మా?" అంది.

"హెర్నియా మా ఆయనకి."

"అందరూ ఇలాగే అంటారమ్మా, భయంతో. చెయ్యి ఇవ్వండి. అయ్యో, మందెక్కించే గొట్టం ఏది? పీకేసుకున్నారా?"

"నాకెవరు పెట్టారమ్మా పీక్కోవడానికి?"

"వార్డులో పెట్టే పంపించామే!" అని, నా చేతికి కొత్త గొట్టం గుచ్చింది. నాకు నరం దొరకడం కష్టమని పేరు. ఒక్క పోటుకే దొరకబుచ్చుకుంది. ఆ అమ్మాయి చెయ్యి మంచిది, అది ఒప్పుకుంటాను. మందు ఎక్కించడం మొదలెట్టింది.

ఫైలులో మగమనిషి, ట్రాలీ మీద ఆడమనిషి, తన నోటితో తానే "అమ్మా" అన్న పిలుపు. ఈ మూడూ ఆ అమ్మాయి కళ్లముందే ఉన్నాయి. కానీ వెనకనుంచి గడియారం తరుముతుంటే ఆ పిల్ల మాత్రం ఎన్ని చూస్తుంది? నేను ఆమె మీద అర్జీ పెట్టడం లేదు. తరిమిన గడియారం మీద పెడుతున్నాను.

4. సరిగ్గా అప్పుడే తమరు వచ్చారు. వెంట చాలామంది, ఒక ఫోటోగ్రాఫరు. తమరు నా భుజం తట్టి, "ధైర్యంగా ఉండమ్మా, చిన్న ఆపరేషనే" అన్నారు. తమరు కూడా.

నేను, "నాకు కాదు బాబూ, మా ఆయనకి" అని అరిచాను.

తమరు నవ్వి, "మీ ఆయనకేం ఫర్వాలేదు, బయటే ఉంటారు" అన్నారు.

నిజమే. మా ఆయన బయటే ఉన్నాడు, మరుగుదొడ్డిలో. ఇందులో తమరి తప్పుందని నేను అనడం లేదు. అనవద్దని రాసే పెద్దమనిషి చెప్పారు.

5. ఆయన తిరిగొచ్చాడు. నేను దిగి, జరిగింది చెప్పేలోపల థియేటర్ తలుపులు తెరిచి ట్రాలీ లాగేశారు. లోపలి నర్సు, "యాంటీబయాటిక్ పడిందా?" అని గట్టిగా అడిగింది. నాణ్యత అధికారి వసారా మధ్యలో నిలబడి, అందరికీ వినబడేట్టు, "ఏడో ట్రాలీకి పడింది, టైముకి పడింది!" అన్నారు.

నేను, "నాకు పడింది! ఆయనకి పడలేదు!" అని అరిచాను. తమరి వెంట వచ్చిన వారిలో ఒకరు, "పెద్దావిడ కంగారు పడుతున్నారు, కాస్త మంచినీళ్లివ్వండి" అన్నారు. మంచినీళ్లు ఇచ్చారు. తలుపులు మూసుకున్నాయి. నేను మంచినీళ్లు తాగలేదు, కావాలంటే విచారించుకోవచ్చు.

6. లోపల మా ఆయనకు కోత. బయట నా చేతికి గొట్టం. తీయమని అడిగితే వార్డులో, "మీ కేసు షీటు ఏదమ్మా? మీరు పేషెంటు కాదుగా, మేం తీయడానికి లేదు" అన్నారు. పెట్టేటప్పుడు కాను మొర్రో అంటే పేషెంటునయ్యాను. తీసేటప్పుడు పేషెంటును కానన్నారు. ఆ గొట్టంతోనే నేను సాయంత్రం దాకా ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఆయనకు మెలకువ వచ్చి నా చేతికేసి చూసి, "నీకూ చేశారా?" అన్నాడు.

చివరికి మత్తు డాక్టరు వచ్చి చూసి, తనే దూదితో అదిమిపెట్టి తీశారు. తీస్తూ, "మీకెందుకు పెట్టారు?" అన్నారు. చెప్పాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"మందు పడిందని లోపల నాతో చెప్పారు పెద్దమ్మా. నేను నమ్మాను" అన్నారు.

7. తర్వాత జరిగింది తమరికి చెప్పనక్కరలేదు, అయినా చెబుతాను. కుట్ల చుట్టూ ఎర్రబడింది. జ్వరం తగిలింది. కుట్ల మధ్య నుంచి చీము కారడం మొదలెట్టింది. పాత దుప్పట్లు చింపి నేను గుడ్డలు చేశాను, వాటిని ఇంటి దగ్గర వేణ్ణీళ్లలో ఉడకేసి ఆరేసి తెచ్చి మళ్లీ కట్టాను. నాలుగు అంతస్తులకు బీరువా ఎత్తిన మనిషి మంచినీళ్ల గ్లాసు ఎత్తడానికి నాకేసి చూస్తున్నాడు. అలా చూసే మనిషి కాదు ఆయన.

కోతకు ముందు ఒక్కటి వేయడానికి మనిషి దొరకలేదు గానీ, కోత తర్వాత వేయడానికి మాత్రం పోటీలు పడ్డారు. చీము పట్టకముందు నుంచే, జాగ్రత్త కోసమని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గోడ మీది చట్రంలో అలా పొడిగించకూడదని రాసి ఉందటగా అని డ్యూటీ డాక్టరును అడిగాను.

"సేఫ్టీ కోసం అమ్మా. మేం అందరికీ ఇస్తాం."

"మరి ఆ గోడ మీద ఉన్నదో?"

"అది మార్గదర్శకం. ఇది మా అలవాటు."

బీరువా మెట్ల మీంచి దొర్లి పడిపోయాక తాడు కట్టుకుంటూ కూర్చున్నట్టుంది ఈ వ్యవహారం. ఎన్ని తాళ్లు కడితే ఏం లాభం? చొట్ట చొట్టే.

8. నాణ్యత అధికారి గదికి వెళ్లాను. గది చాలా శుభ్రంగా ఉంది. ఆయన నన్ను కూర్చోమని కూడా అన్నారు.

"చూడండమ్మా, మందు పడింది. టైముకి పడింది. ఆ మేరకు మా వైపు లోటేమీ లేదు."

"ఎవరికి పడింది బాబూ?"

"కేసుకి పడింది."

"కేసు నా మొగుడు. మందు నా ఒంట్లో ఉంది."

"మీకేమైనా దద్దుర్లు, దురదలు వచ్చాయా?"

"లేదు."

"మరి ఇంకేం బాధ?"

నేను లేచాను. అప్పుడాయన గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. "టైముకి మందు వేసిన లెక్కలో ఈ నెల మాకు నూటికి నూరు వచ్చిందమ్మా. మీరు చెప్పింది రాస్తే తొంభై తొమ్మిది అవుతుంది. ఇంతమంది కష్టం మీ ఒక్కరి కోసం పాడుచేసుకుంటామా?" అన్నారు. ఆ తగ్గిన ఒక్కటీ వార్డులో మూలుగుతోంది, వెళ్లి చూడవయ్యా అన్నాను. ఆ తర్వాత అన్నవి రాసే పెద్దమనిషి రాయనన్నారు.

అయితే నా ఫిర్యాదు వృథా పోలేదు. మర్నాటికల్లా చర్య తీసుకున్నారు. "సహాయకులు ట్రాలీలపై పడుకోరాదు" అని వసారాలో కొత్త బోర్డు పెట్టారు. అదొకరు చదివి పెడితే తెలిసింది. పేరు పట్టీ మాత్రం ఇంకా ట్రాలీ ఊచకే ఉంది.

9. చీము పట్టడానికి కారణం "ఇంటి వద్ద అపరిశుభ్రత" అని ఆసుపత్రి వారు ఫైలులో రాశారట. అయ్యా, చీము మొదలైనప్పుడు ఆయన వాళ్ల మంచం మీదే ఉన్నాడు, ఇంటికి రానేలేదు. ఇక మా ఇంటి సంగతి అంటారా, తమరు ఎప్పుడైనా రావచ్చు. ముందుగా చెప్పకుండా రండి. తమరు వస్తున్నారని తుడిచే ఇల్లు కాదు అది.

10. ఆసుపత్రి ముందు హాలులో, అందరికీ కనబడే చోట, తమరి ఫోటో ఒకటి పెద్దది చేయించి పెట్టారు. తమరు నవ్వుతూ నిలబడి ఉంటారు. నర్సమ్మ సూది ఎక్కిస్తుంటుంది. ట్రాలీ మీద టోపీ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, నోరు తెరిచి ఏదో అరుస్తున్న పేషెంటు నేనే. కింద, "శస్త్రచికిత్సకు ముందు నిర్ణీత వేళకు యాంటీబయాటిక్ అందుకుంటున్న రోగి" అని రాయించారట. సాక్ష్యం కావాలని తమరు అడిగితే నా దగ్గర వేరే ఏమీ లేదు, ఆ గోడ దగ్గర నన్ను నిలబెట్టి చూసుకోవచ్చు. అందులో నేను అరుస్తున్న మాట "నాకు కాదు" అని. ఫోటోకు మాట వినబడదు కాబట్టి ఇక్కడ రాయిస్తున్నాను.

పైగా, జరగని ఆపరేషన్‌కు నాకు చీము పట్టకుండా పూర్తి రక్షణ కల్పించబడినది. ఇంత ఖచ్చితంగా మార్గదర్శకాలు పాటించబడిన ఒళ్లు ఆ ఆసుపత్రిలో ఇంకొకటి లేదు. ఆ మందు వృథా పోయిందని ప్రభుత్వం వారు బాధపడితే, నాకు కూడా ఎక్కడో ఒకచోట కోత పెట్టించి లెక్క సరిచేసుకోవచ్చు. అభ్యంతరం లేదు. మా ఆయన మాత్రం, "వృథా ఏం పోలేదే, నీ నోరు అప్పట్నుంచీ ఇంకా గట్టిపడింది" అంటున్నాడు. ఈ మాట అనడానికి ఆయన రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

11. అసలు సంగతి ఇది. లోపల పెట్టిన వలకు చీము పట్టిందట. దాన్ని తీసేయాలి. వచ్చే సోమవారం ఉదయం మళ్లీ కోత. అదే ఆసుపత్రి, అదే వసారా, అవే ట్రాలీలు. ఈసారి ఎవరూ చిన్న ఆపరేషన్ అనడం లేదు. పెద్ద డాక్టరు నాకేసి చూడకుండా కిటికీకేసి చూస్తూ, "వయసు, నీరసం, ఆ పైన చీము... ఇంకోసారి లోపల పాడైతే తట్టుకోలేరు" అన్నారు. ఇప్పుడు ఎన్ని మందులు ఎక్కిస్తున్నా కోతకు ముందు పడవలసింది పడి తీరాలని మత్తు డాక్టరు అంటున్నారు. "లోపల నేను చెబితే నన్ను విసుక్కుంటున్నారు, మీరు బయటి నుంచి రాయించండి పెద్దమ్మా" అని ఈ ఆఫీసు పేరు చెప్పింది కూడా ఆయనే. ఆయన మీద చర్యలు తీసుకోవద్దు. తీసుకోవాలనిపిస్తే నా మీద తీసుకోండి, నాకు ఉద్యోగం లేదు.

కాబట్టి అడిగేది ఏమనగా, పట్టీ మనిషి చేతికి కట్టించండి. జారిపోతే బిగించమనండి. సూది పట్టుకొచ్చినవాళ్లు ట్రాలీ నంబరు కాదు, పేరు అడగాలి. చెప్పిన జవాబు వినాలి. మందు కోతకు ముందే పడాలి, ఆయనకు పడాలి. అక్కర తీరాక ఆపేయాలి. అడిగానని జడిసి రెండు రెండు వేయవద్దు. నేను ఎక్కువ అడగడం లేదు. ఒక్కటి అడుగుతున్నాను.

ఆ నూటికి నూరూ వాళ్లనే ఉంచుకోమనండి. ఇంకో పది కలిపి ఇచ్చినా నాకు ఏడుపు లేదు. నాకు ఆ మనిషి కావాలి. ఆయనతో పొద్దున లేచిన దగ్గర్నుంచీ పోట్లాటే, అయినా కావాలి. ఇంకొకరితో పోట్లాడటం ఈ వయసులో మొదలుపెట్టలేను.

ఈ సంగతులన్నీ సోమవారం లోపల చిత్తగించవలెను. మంగళవారం చిత్తగించి ప్రయోజనం లేదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
పేషెంటు కానిది, పేషెంటు భార్య
(ఎడమ బొటనవేలి ముద్ర)

మరొక మాట: రాయడం పూర్తయింది, చదివి వినిపించారు, ముద్ర కూడా వేశాను. ఇంతలో వార్డు నుంచి ఆయా కబురు తెచ్చింది. సోమవారం ఆపరేషన్ కోసమని క్షవరం చేసే మనిషి వచ్చాడట. పొట్ట దగ్గర నున్నగా చేసి, "తాతా, మత్తిచ్చే మాస్కు సరిగ్గా అతుక్కుంటుంది, పనిలోపని మీసం కూడా తీసేయనా?" అని అడుగుతున్నాడట. వద్దు, దాని జోలికి వెళ్లొద్దని చెప్పి పంపించాను. అయ్యా, పేరు అడగరు, ముఖం చూడరు, మాట వినరు. మా ఇద్దరిలో ఎవరు ఎవరో పోల్చుకోవడానికి తమరి ఆసుపత్రికి మిగిలింది ఆ మీసం ఒక్కటే. సోమవారం పొద్దున నేను ఆ ట్రాలీ పక్కనే నిలబడి ఉంటాను, ఎక్కను. సూది తెచ్చినవాళ్లను మీసమున్న వాళ్లకు వేయమనండి.